మంచి వేళకు చూపించిన ఇల్లు

ఊరు పెరిగి పెరిగి పొలిమేర దాటేసిన చోట, కొత్తగా లేచిన బిల్డింగుల మధ్య అద్దెకు ఇల్లు కావాలంటే ఎవరైనా తాళాల బాబాయ్ దగ్గరికే రావాలి. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో! కోటు జేబులో తాళంచెవుల గుత్తి ఎప్పుడూ గలగలలాడుతుంటుంది, అందుకే ఆ పేరు. ఆ బరువుకి జేబు చిరగడం, భార్య కుట్టడం, మళ్ళీ చిరగడం. "ఈ కోటుకి పట్టిన దారంతో ఇంకో కోటు నేయొచ్చు" అని ఆవిడ సణుగుతూనే ఉంటుంది.

బ్రోకరన్నాక అబద్ధాలాడక తప్పదని లోకం అనుకుంటుంది. బాబాయ్ ఒక్క అబద్ధమూ ఆడడు. ఆడాల్సిన ఖర్మేం పట్టింది? ప్రతి ఇంటికీ ఒక మంచి వేళ ఉంటుందని ఆయన సిద్ధాంతం. స్కూలు పక్క ఇల్లు ఆదివారం చూపించాలి. వెల్డింగ్ షాపు మీది వాటా ఆ వెల్డరు భోజనానికి వెళ్ళినప్పుడు చూపించాలి. నీళ్ళకి కటకటలాడే పై అంతస్తును ట్యాంకు నిండగానే చూపించాలి, కొళాయి తిప్పితే ధార దూకుతుంది. వచ్చినవాళ్ళు తమ కళ్ళతో తామే చూసుకుని, తమ నోటితో తామే సరే అంటారు. మధ్యలో బాబాయ్ ఏమన్నాడు గనక? ఇన్నేళ్ళూ ఆయన ఈ సిద్ధాంతం మీదే తల పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

రఫూ అమ్మాయి వచ్చేదాకా అంతా బాగానే ఉంది. చిరిగిన బట్టకి అదే రంగు దారం అల్లి, చిరుగు ఆనవాలు దొరక్కుండా చేయడం ఆమె పని. ఇంట్లో ఆమె, ముసలితల్లి, అంతే. ఉన్న ఇంటి ఓనరు అద్దె పెంచేసరికి కాళ్ళరిగేలా తిరిగి, చివరికి బాబాయ్ గుమ్మం ఎక్కింది.

"నాకు రెండే రెండు కావాలి బాబాయ్. అద్దె నేను మోయగలిగేంత ఉండాలి, ఇంట్లోకి పగటి వెలుతురు రావాలి. లైటు కింద నలుపూ నీలమూ ఒకేలా కనబడతాయి. నా కూడంతా ఈ కళ్ళమీదే" అంది.

ఆ అద్దెకి ఖాళీగా ఉన్నది ఒక్కటే, ఒక బిల్డింగులో వెనకవైపు కింది వాటా. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ. పొద్దెక్కాక ఆ సందులోకి సూర్యుడు కాసేపు తొంగిచూసి వెళ్ళిపోతాడు, మిగతా రోజంతా చీకటి గుయ్యారమే. ఎవరూ చేరడం లేదని ఆ ఇంటి ఓనరు బాబాయ్ ప్రాణం తోడేస్తున్నాడు.

"రేపు కాస్త పొద్దెక్కాక రామ్మా, తీరిగ్గా చూద్దువుగాని" అన్నాడు బాబాయ్.

ఆమె వచ్చేసరికి గదంతా ఎండ పరుచుకుని ఉంది. ఆమె సంచిలోంచి నల్లగుడ్డ తీసి, కిటికీ దగ్గర నిలబడి నల్లదారంతో నాలుగు కుట్లు వేసి చూసుకుంది. "చక్కగా కనబడుతోంది బాబాయ్! మీ పుణ్యాన ఒడ్డున పడ్డాం" అంది. నిజం చెప్తే ఈ అద్దెకి ఈమెకి ఇల్లెక్కడ దొరుకుతుందిలే అని బాబాయ్ తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

వాళ్ళు చేరిన కొన్ని వారాలకే, చలికాలం వచ్చాక, అదే బిల్డింగులో పై వాటా చూపించడానికి ఒక కొత్త జంటను వెంటబెట్టుకుని వెళ్ళాడు. రఫూ అమ్మాయి మెట్లమీద కూర్చుని పని చేసుకుంటోంది. ఎవరైనా దిగితే గోడకి ఒదిగి, బట్టలన్నీ ఒళ్ళోకి లాక్కుంటోంది. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇక్కడ కూర్చున్నావేమ్మా?"

"గదిలో ఎండ కాసేపే ఉంటోంది బాబాయ్. చలికాలం కదా! ఎండలు ముదిరితే రోజంతా ఉంటుందిగా?"

పక్కన కొత్త జంట చెవులు రిక్కించి వింటున్నారు.

"ఆ... ఎందుకుండదమ్మా, ఉంటుంది" అన్నాడు బాబాయ్.

ఆమె మొహం విప్పారింది. అంతలో ఆయన చిరిగిన జేబు ఆమె కంట పడింది. వద్దన్నా వినకుండా కోటు విప్పించుకుంది. జంటకి ఇల్లు చూపించి దిగేసరికి జేబు సిద్ధంగా ఉంది. ఆయన పర్సు తీయబోతే కోప్పడింది. "మాకు ఇల్లు చూపించిన బాబాయ్ దగ్గర డబ్బులా? బాగుంది!"

ఇంటికెళ్ళాక భార్య జేబుని తిరగేసి, బోర్లేసి చూసింది. "చిరుగు ఏదండీ? ఎవరు చేశారోగానీ చేతులకు దండం పెట్టాలి" అంది. బాబాయ్ తనూ వేలితో తడిమి చూశాడు. చిరుగు ఎక్కడా తగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు, అంతే. ఇన్నేళ్ళూ అబద్ధమాడలేదని మురిసిపోయిన మనిషి, ఒక పిల్ల కళ్ళని అమ్ముకుని వచ్చాడు. తన సిద్ధాంతం మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ఉదయమే వెళ్ళి మెట్లదగ్గర నిలబడ్డాడు.

"ఎండాకాలం వచ్చినా అంతేనమ్మా. ఆ గదిలోకి వెలుతురు కాసేపే వస్తుంది. నాకు ముందే తెలుసు. తెలిసే నిన్ను ఆ వేళకి రమ్మన్నాను."

ఆమె సూది ఆగింది. తిట్టినా బాగుండును, ఏడ్చినా బాగుండును అనిపించింది ఆయనకి.

"వెలుతురున్న ఇల్లు వెతికిపెడతానమ్మా. నాకు కమిషనేం వద్దు."

"వెతకండి. ఈసారి పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఆ ఇంట్లో నేనే కూర్చుని చూస్తాను" అని, ఆమె ఆయన కోటు రెండో జేబు వైపు చూసింది. "అదీ చిరిగింది. ఇచ్చి వెళ్ళండి."

ఆయన గబగబా తాళాలు తీసి, కోటు విప్పి ఇచ్చాడు. కోపం పోయిందేమోనని ప్రాణం లేచొచ్చింది.

ఆమె కోటు మడిచి, మిగతా గిరాకీల బట్టల కింద పెట్టింది.

"సాయంత్రం డబ్బులిచ్చి తీసుకెళ్ళండి, సార్" అంది.