మంట ఉందా పెద్దమ్మా?

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఊరూరా కరోనా టీకాలు వేస్తున్న రోజులు. నేను నరసరావుపేటలో కిరాణా కొట్టు వాళ్ళ పిల్లను. డిగ్రీ చేతికి రాగానే పక్క మండలంలోని ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. టీకా వేయించుకున్నవాళ్ళకు ఫోన్ చేసి, జ్వరం ఉందా, దద్దుర్లు వచ్చాయా, మంటలున్నాయా అని అడిగి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. (మా నాన్న కొట్టుకొచ్చినవాళ్ళందరికీ "మా అమ్మాయి డాక్టరమ్మ పక్కనే కూర్చుంటది" అని చెప్పేవాడు. నా కుర్చీ మందుల గది గుమ్మం దగ్గర ఉండేది.) జ్వరం ఉందా అంటే జనం మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి కోడలితో ముగించేవాళ్ళు. నేను అన్నీ శ్రద్ధగా రాసుకునేదాన్ని, కోడలితో సహా.

చేరి మూడు వారాలైందేమో. ఒక ఊళ్ళో సగం మందికి టీకాలు వేసి వచ్చారు. మిగతావాళ్ళకు మూడో రోజు వేయాలి. రెండో రోజు నేను ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మొదట పలికింది మైకు పెద్దమ్మ. (ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఆవిడ గొంతుకు ఫోన్ అవసరం లేదు.)

"మంటలేమైనా ఉన్నాయా పెద్దమ్మా?"

"ఉండకేం తల్లీ. చేతులు మంట, మొహం మంట, కళ్ళెంట నీళ్ళు. పొద్దున్నుంచి చానా మంటగా ఉంది."

రెండో ఆమెకూ అదే, ఎనిమిదో ఆమెకూ అదే. నాకు చెమటలు పట్టాయి. నా కాగితం చూసి, విశాఖపట్నం నుంచి వచ్చిన మా డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఇది నిజమైతే రేపు టీకాలు ఆపాలి. ఒకసారి ఆపితే ఆ ఊళ్ళో మళ్ళీ చెయ్యి చాపేవాళ్ళుండరు" అంది. మందుల పెట్టె, సెలైన్ సీసాలతో జీపెక్కాం. దారంతా తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆ భయమంతా జనం కోసమేనని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, సగం ఉద్యోగం కోసమే.

ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా తాళమే. అరుగు మీద తాత ఒకాయన చేల వైపు చెయ్యి చూపించాడు. వెళ్ళి చూస్తే ఎర్రగా పండిన మిరపచేలో మా మంటల మనుషులందరూ వరసగా వంగి కాయలు కోస్తున్నారు. ఆ పొద్దునే కోత మొదలైందట. (మిరపకాయలు కొట్లోకి బస్తాల్లో వస్తాయని తప్ప, కోసే చేతుల సంగతి నాకేం తెలుసు?)

"కోతలో ఉన్నామని చెప్పొచ్చుగా పెద్దమ్మా" అన్నాను ఏడుపు గొంతుతో.

"నువ్వడిగితే గదా. మంట ఉందా అంటివి, ఉందంటిమి. ఎందుకూ అనలేదే."

అయినా డాక్టరమ్మ ఒక్కొక్కరినీ గట్టు మీద కూర్చోబెట్టి చూసింది. అందరూ నిక్షేపంగా ఉన్నారు. నేను పెద్దమ్మ చేతులు తిప్పి తిప్పి చూసి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ. ఆ రోజు వైద్యం చేయించుకున్నది నేనొక్కదాన్నే. పెద్దమ్మ బిందెడు నీళ్ళతో నా కళ్ళు కడిగింది. తిరిగొస్తుంటే డ్రైవరు అన్నాడు: "నన్నడిగుంటే బయల్దేరేటప్పుడే చెప్పేవాణ్ణి గదమ్మా, ఇవి మిరప కోతల రోజులని."

మర్నాడు టీకాలకు ఏ మొహంతో వెళ్ళాలో తెలియలేదు. ఊరంతా నవ్వుతుంది, ఒక్కరూ రారు అనుకున్నాను. నవ్వారు, నిజమే. కానీ టీకాలు వేసే బడి గేటు దాకా వరస ఉంది. తన టీకా అయిపోయినా ముందు మైకు పెద్దమ్మ, వెనక కూలికొచ్చిన పక్కూరి ఆడవాళ్ళు కూడా.

"ఏమే, భయమేందే మీకు" అంటోంది వాళ్ళతో. "మిరపకాయ మంటకే డాక్టరమ్మను జీపులో తోలుకొచ్చింది ఈ పిల్ల. రేపు నిజంగా ఏమన్నా అయితే రాకుండా ఉంటదా?"

ఆ మాటకు నా కళ్ళలో మళ్ళీ నీళ్ళొచ్చాయి, ఈసారి మిరపకాయ లేకుండానే.

ఇప్పుడు నేను ఆ పనికి కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పుతున్నాను. అప్పుడప్పుడు ఎవరో ఒకరు కాగితం పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొస్తారు. నాకు నేనే కనబడి నవ్వొస్తుంది. ఆ నవ్వు మాత్రం వాళ్ళకు కనబడనివ్వను. ముందు జీపెక్కమంటాను. మిరపకాయల సంగతి దారిలో అడుగుతాను.