పచ్చని పామాయిలాకా!

మలేషియాలో క్లాంగ్ ఊరికి వెళ్లే బస్సులో నా పక్కసీటు రొమేనియా ఆవిడ కూనిరాగం తీస్తోంది. వాళ్ల పల్లెపాటల్లో ముందు ఒక పచ్చని ఆకును పిలిచి, ఆ తర్వాతే మనసులోది చెప్పుకుంటారని వచ్చీరాని మలయ్‌లో చెప్పింది.

“మాకూ అంతే!” అనేశాను.

“అయితే పాడండి!”

వెనకసీట్లో మా ఆవిడ నవ్వింది. “ఏటి మావా, మళ్లీ కోతలా?”

ముప్పయ్యేళ్లుగా నా మాట ఒక్కటీ నమ్మని మనిషి! నాకు పంతం వచ్చింది. కిటికీలోంచి చూస్తూ “పచ్చని పామాయిలాకా!” అని గొంతెత్తాను. తర్వాత ఓ అబద్ధం అల్లబోతే, “అమ్మ పోయిన్నాడు అందర్నీ నవ్వించినాను, నానేడవనేదు” అని వచ్చేసింది.

మా ఆవిడ నవ్వు ఆగింది. రొమేనియా ఆవిడ, ఇక దీన్ని పిలవమన్నట్టు, బయట అరటాకును చూపించింది.

“పాడు మావా, ఇంటన్నాను,” అంది మా ఆవిడ.

క్లాంగ్ చేరేసరికి దారిలో నేను పిలవని ఆకు మిగల్లేదు. ఇది కోత కాదు. కావాలంటే మా ఆవిణ్ణే అడగండి.