నత్తల మేడమ్‌కు అకాడమీ పిలుపు

జంతుశాస్త్ర విభాగానికి వెళ్లి ఆమె అసలు పేరు చెబితే గేటు దగ్గరి కాపలాదారు తెల్లమొహం వేస్తాడు. నత్తల మేడమ్ అంటే మాత్రం, "మెట్ల కింద గది" అని చెయ్యి చూపిస్తాడు.

నిజానికి ఆమె కోరుకున్నది నత్తలను కాదు. సైకిళ్లు బాగుచేసే తండ్రి, తన కూతురు చేపల మీద పరిశోధన చేయబోతోందని వీధంతా టాంటాం వేశాడు. తీరా చేరే నాటికి చేపల దగ్గర ఖాళీ లేదు. "నత్తలున్నాయి, కావాలా?" అన్నారు. గత్యంతరం లేక తలూపింది. అలా పట్టుకున్న నత్త ఆమెను ముప్పై ఏళ్లు వదల్లేదు.

ఆమె లోకానికి చెప్పింది ఒక్కటే మాట. ఎండలు ముదిరితే నేల మీది నత్త తన గుల్ల మూతికి పలచటి పొర కట్టుకుని లోపల నిద్రపోతుంది. గాలిలో తడి ఆరిపోతేనే అలా చేస్తుందని పండితులు అనుకునేవారు. అది కాదు, పగలు పొడుగవడం పసిగట్టి, ఎండలు ముదరకముందే తలుపేసుకుంటుందని ఆమె అంది. తడి ఆరని పెట్టెల్లో పెంచినా అవి వేళకు మూసుకున్నాయని చూపించింది.

ఈ సంగతి మొదటిసారి ఒక పెద్ద సభలో చెప్పినప్పుడు ముందు వరుసలోంచి ఒక ప్రొఫెసరు లేచాడు. గాలి సిద్ధాంతం ఆయనదే.

"అమ్మా, మీ నత్తలు మంచివే. మీ పెట్టెలే కారుతున్నాయి, లోపలి తడంతా బయటికి పోతోంది."

హాలు గొల్లుమంది. ఆమె ముఖం కందగడ్డయింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆమె ఒక వ్యాసం రాస్తే దాన్ని చీల్చి చెండాడుతూ ఆయన మరొకటి రాసేవాడు. ఇంట్లో ఆయనకు 'పెట్టెలాయన' అని పేరు పడింది. భోజనాల వేళ ఆ పేరెత్తితే ఆమె కంచం ముందునుంచి లేచిపోతుందని భర్తకు బాగా తెలుసు.

ఆ రోజు ఆమె మోచేతులదాకా బురదతో పెట్టెలు కడుగుతోంది. విభాగాధిపతి రొప్పుతూ గదిలోకి దూరాడు.

"మేడమ్, మిమ్మల్ని జాతీయ అకాడమీకి ఎన్నుకున్నారు!"

"ఎవర్ని?"

"మిమ్మల్నేనండీ."

"పై అంతస్తు జన్యుశాస్త్రం ఆయన్నేమో, సరిగ్గా కనుక్కోండి."

"అధ్యక్షురాలే ఫోన్లో ఉన్నారు. రండి మహాతల్లీ!"

తడి చేత్తోనే ఫోన్ అందుకుంది. అవతల ఎవరో అభినందనలంటున్నారు, దేశం మొత్తం మీద ఈ ఏడాది కొద్దిమందేనంటున్నారు. చివరికి, "పని మధ్యలో ఉన్నానండీ" అని ఫోన్ పెట్టేసింది. విభాగాధిపతి నెత్తి బాదుకున్నాడు. ఆమె వెళ్లి బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. కుళాయి పారుతూనే ఉంది. కట్టాలన్న ధ్యాస కూడా లేదు.

ఇంటికి వచ్చి చెబితే, కళ్లజోళ్ల దుకాణం నుంచి అప్పుడే వచ్చిన భర్త, తన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"నిజమేనా? ఎవరో ఆటపట్టించడం లేదు కదా?"

"నాకూ అదే అనుమానంగా ఉందండీ."

అత్తగారు మంచం మీంచి అడిగింది. "అకాడమీ అంటే ఏమిటే? ఇక ఆ పురుగుల్ని ఇంటికి తేవా?"

"తెస్తాను అత్తయ్యా."

"మరింకేం గొప్ప!"

సాయంత్రం అధ్యక్షురాలు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఆమె కుదురుగానే మాట్లాడింది. అసలు తన పేరు అక్కడ ఎవరు చెప్పారని అడిగింది.

"మీకు తెలియదా? మీ పేరు కోసం ఏటేటా మాతో పోట్లాడుతున్నది ఆయనే కదా. ఇన్నాళ్లకు నెగ్గారు." అధ్యక్షురాలు పేరు చెప్పింది.

పెట్టెలాయన!

ఆమె కొయ్యబారిపోయింది. ఎన్నుకున్నారన్న కబురు తలమీద పిడుగైతే, దీంతో కాళ్ల కింద నేలే కదిలిపోయినట్టయింది. ఇన్నేళ్లూ తన గురించి ఆయన ఎక్కడెక్కడ ఏమేం విషం కక్కి ఉంటాడో ఊహించుకుని మండిపడిన రోజులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడుపొచ్చింది. ఆ ఊపులోనే ఆయనకు ఫోన్ చేసింది.

"సార్, నా మాట నిజమని ఎప్పుడు ఒప్పుకున్నారు?"

"ఒప్పుకోవడమేంటి?" గొంతు ముసలిదైనా అదే పదును. "మీది తప్పే. ఇప్పటికీ మీ పెట్టెలు కారుతూనే ఉన్నాయి."

"మరి నన్నెందుకు..."

"నా మాటకు అందరూ చప్పట్లు కొట్టారమ్మా. ఎదురు నిలబడి నా చేత మళ్లీ లెక్కలు చేయించింది మీరొక్కరే. మీరు లేని అకాడమీలో నేనెవరితో పోట్లాడను? గోడలతోనా?"

ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "వేసవి ముందు మా గదికి వచ్చి, మీ కళ్లతో మీరే చూడండి" అంది. సవాలు విసిరానే అని మర్నాడే పెట్టెల అంచులన్నీ మళ్లీ తడిమి చూసుకుంది.

ఆయన వచ్చాడు. చేతికర్ర పట్టుకుని మెట్ల కిందికి వంగి దూరాడు. పెట్టెల అంచుల్ని గోటితో గీకి చూశాడు, చెవి ఆనించి విన్నాడు, నీళ్లు పోసి తిరగేశాడు. ఒక్క చుక్క కారలేదు. ఊళ్లోనే మకాం వేసి రోజూ వచ్చి చూశాడు. కొన్నాళ్లకు ఆయన కళ్ల ముందే ఆ తడిలోనే నత్తలు ఒక్కొక్కటిగా మూతులు బిగించుకున్నాయి. ఆయన ఒక నత్తను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "గది వెచ్చగా ఉందేమో" అన్నాడు.

పట్టిన కుందేటికి మూడే కాళ్లు! ఆమె పగలబడి నవ్వింది. ఆయన ముందే, ఆయన మాటకే అలా నవ్వగలిగానని ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

మరుసటి ఏడు ఇద్దరి పేర్లతో ఒక వ్యాసం వెలువడింది. మొదటి సగమంతా ఆమె వాదన, మిగతా సగమంతా ఆయన ఖండన. అలాంటి వ్యాసం ఎలా అచ్చువేయాలో తెలియక పత్రిక సంపాదకుడు తల పట్టుకున్నాడట.