ఎండలో మోగిన మీటర్

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. కొలవగలిగిందే ఉన్నట్టు లెక్క అని వాదించి చాలామందిని విసిగించాను. ఇప్పుడు రాస్తున్నది కూడా ఒక కొలత గురించే.

వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బొగ్గు గనుల్లో వెలువడే వాయువుల మీద పరిశోధన చేస్తున్నాను. మా నాన్న గనిలో పనిచేసి రిటైరయ్యాడు. "మీటర్ మొత్తుకుంటే ముందుగాల బయటికి రావాలె. ఎందుకు మొత్తుకున్నదో ఆనక సూస్కోవాలె" అని నా చిన్నప్పుడు వందసార్లు చెప్పి ఉంటాడు.

ప్రయోగాలకు నాకొక స్టీలు ట్యాంకు కావలసి వచ్చింది. మనిషి వంగి దూరేంత పెద్దది. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే వెల్డర్ యాకూబ్ అన్న దాన్ని తయారుచేస్తున్నాడు. లోపలి అతుకులకు ఆర్గాన్ గ్యాస్ వాడాలి. దానికి రంగూ వాసనా ఉండవు. గాలికంటే బరువు కాబట్టి అడుగున పేరుకుని ఆక్సిజన్‌ను బయటికి నెట్టేస్తుంది. అందుకే నేను సొంతంగా తయారుచేసిన, ఆక్సిజన్ తగ్గినా మితిమీరినా మోగే మీటర్‌ను ఆయనకిచ్చాను.

ఆ రోజు పొద్దున పదకొండింటికి, వర్క్‌షాప్ బయట ఎండలో, ఆయన చేతిలో మీటర్ మోగింది. గ్యాస్ సిలిండర్ ఇంకా తెరవనే లేదు. బయటి గాలిలో ఆక్సిజన్ దాదాపు ఇరవై ఒక శాతం ఉండాలి. తెర మీద తొమ్మిది ఉంది. అంత తక్కువైతే మనిషి నిమిషాల్లో పడిపోతాడు. మేమిద్దరం నిక్షేపంగా నిలబడి ఉన్నాం.

"ఏందిది తమ్మీ, ఊకె మొత్తుకుంటాంది?"

"ఫికర్ చెయ్యకన్నా. సెన్సర్ లెక్క తప్పింది. జర ఇటియ్యి."

లెక్క తప్పిన మీటర్‌ను మంచి గాలిలో పట్టుకుని బటన్ నొక్కితే, ఆ గాలినే ఇరవై ఒకటిగా గుర్తుపెట్టుకుంటుంది. నొక్కాను. మోత ఆగింది. నాన్న మాట గుర్తురాలేదు. చదువుకున్నవాణ్ని కదా.

"నువ్వు సూసినవ్ గదా, ఇగ సాలు" అని యాకూబ్ అన్న మీటర్‌ను జేబుకు తగిలించుకుని లోపలికి దూరాడు.

ట్యాంకు బయట ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషిని నేనే. మీటర్ ఉందన్న ధైర్యంతో చాయ్‌కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వెల్డింగ్ వెలుగు లేదు. తొంగిచూస్తే ఆయన పక్కకు ఒరిగి ఉన్నాడు. జేబుకున్న మీటర్ చప్పుడు లేకుండా ఇరవై ఒకటి చూపిస్తోంది. బయటికి లాగగానే, మంచి గాలి తగిలి, అంకె పరిమితి దాటిపోయి మోగడం మొదలుపెట్టింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ తర్వాత వేరే మీటర్‌ను ట్యాంకు అడుగుకు దింపి చూశారు. తొమ్మిది. నేను బటన్ నొక్కి ఇరవై ఒకటని దానికి నేర్పిన తొమ్మిది.

నా మీటర్‌నూ విప్పి పరీక్షించారు. సెన్సర్‌లో ఏ లోపమూ లేదు. నేను చేసిన మార్పు తీసేస్తే ప్రతిసారీ సరైన అంకెలే ఇస్తోంది. అంటే ఆ ఎండలో, అంత గాలి వీస్తుండగా, అది నిజంగానే తొమ్మిది శాతం గాలిని కొలిచింది. అప్పటికి ట్యాంకులో కూడా లేని గాలిని.

విచారణలో నా తప్పు ఒప్పుకున్నాను. యాకూబ్ అన్న భార్య నన్ను తిట్టలేదు. "అది మొత్తుకున్నదట గదా, మరెట్ల పోనిచ్చినవ్ బిడ్డా?" అని ఒక్కటే అడిగింది.

నా థీసిస్‌లో తప్పుడు అలారాల మీద ఒక అధ్యాయం ఉంది. ఆ రీడింగ్‌ను అందులో చేర్చమంటాడు మా గైడు. చేయి రావడం లేదు. నిజమైన అలారమని రాద్దామంటే, ఆ గాలి ఎండలోకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

మీటర్ ఇప్పుడు సరిగ్గానే పనిచేస్తోంది. ఆ రోజు కూడా, నేను ముట్టుకునేదాకా, సరిగ్గానే పనిచేసింది.