కుందుర్పిలో ఇరవై సెకన్లు

డాక్టర్ సుంకప్పగారికి ఏ వెబ్ పేజీ చూపించినా అడిగేది ఒకటే మాట: "కుందుర్పిలో తెరుసుకుంటాదా?" తెరుచుకుంటే చాలదు, ఇరవై సెకన్లలో తెరుచుకోవాలి. పేజీలో తప్పులుంటే క్షమించేవారు గానీ ఇరవై ఒకటో సెకనును క్షమించేవారు కాదు.

అది 2004. అనంతపురం బయట ఒక మెట్ట పంటల పరిశోధన కేంద్రం, అందులో పదకొండు పరిశోధన బృందాలు. తనిఖీకి ఢిల్లీ కమిటీ వచ్చేలోగా ప్రతి బృందానికీ వెబ్‌సైటు ఉండాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. పదకొండూ విడివిడిగా కట్టే ఓపిక ఎవరికీ లేదు. అందరికీ కలిపి ఒకే వేదిక కట్టమని హేమలతను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. బృందం పెద్ద తన పాస్‌వర్డుతో లోపలికి పోయి మనుషులు, ప్రయోగాలు, పేపర్లు అన్న గళ్లు నింపితే సైటు తయారు. ఈ పనికంతా సుంకప్పగారిని పెద్దను చేశారు. ఎందుకంటే పెద్దను ఎన్నుకునే మీటింగుకు రానిది ఆయనొక్కరే.

పెద్దలు గళ్లు నింపారు. వాతావరణం వాళ్లు కదిలే మేఘాలు పెట్టారు. చీడపీడల వాళ్లు పేజీ నిండా పాకే పురుగును వదిలారు. డైరెక్టరుగారి ఫొటో పదకొండు సైట్లలోనూ ఉంది, ఒకదాంట్లో రెండుసార్లు. సుంకప్పగారు ప్రతి శుక్రవారం బస్సెక్కి మారుమూల ఊరు కుందుర్పి పోయి, బసప్ప ఇంటర్నెట్ సెంటర్లో చేతిగడియారం ముందు పెట్టుకుని పేజీలు తెరిచేవారు. శనివారం తీర్పు చెప్పేవారు.

"మేఘాలు తీసేయమ్మా. నలభై సెకన్లు."

"వాళ్లకు చానా ఇష్టం సార్."

"మేఘాల కోసం కాసుకొనేది బయట ఎట్లాగూ ఉండాది. ఈడ గూడా యాల?"

పురుగూ పోయింది. డైరెక్టరుగారి ఫొటో తపాలా బిళ్లంత అయ్యింది, మరుసటి వారానికి అదీ లేదు.

"ఆయన అడిగితే ఏం చెప్పాల సార్?"

"కుందుర్పిలో తెరుసుకోలేదని చెప్పు."

డైరెక్టరుగారు అలిగి, తన ఫొటో లేని సైటును తెరిచి చూడడమే మానేశారు.

కమిటీ రావడానికి పది రోజులుందనగా డైరెక్టరుగారి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. సుంకప్పగారి బృందానికి కుందుర్పి ప్రయోగ పొలంలో పన్నెండేళ్లుగా రోజుకూలికి వాన కొలుస్తున్న మారెక్క ఏ జాబితాలోనూ లేదట. వచ్చే నెల నుంచి ఆమె రానక్కర్లేదట. మారెక్క రోజూ పొద్దున వాన కొలిచే డబ్బా చూసి, ఫోన్లో సుంకప్పగారికి "సున్నా సారూ" అనేది. పన్నెండేళ్లలో ఆమె ఎక్కువగా చెప్పిన మాట అదే. సుంకప్పగారి పేపర్లన్నీ ఆ సున్నాల మీదే నిలబడ్డాయి.

ఆయన కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "మన బృందం పేజీ ఇప్పుడు ఎన్ని సెకన్లమ్మా?"

"ఎనిమిది." హేమలతకు ఒళ్లు మండింది. "ఆయమ్మ పని పోతాంటే సెకన్లు అడుగుతాండారే సార్?"

"ఎనిమిదా? ఇంకా పన్నెండు మిగిలుండాయి. బాగుండాది," అని ఆయన కుందుర్పి బస్సుకు వెళ్లిపోయారు. ఈ మనిషికి గుండె ఉండాల్సిన చోట గడియారం ఉందనుకుంది హేమలత.

కమిటీ వచ్చిన రోజు తెర మీద ఆమే సైట్లు చూపించింది. సుంకప్పగారి బృందం పేజీలో పేర్లన్నీ టక్కున వచ్చాయి. ఆ తర్వాత ఆమె ఎన్నడూ చూడని ఫొటో ఒకటి పైనుంచి నిదానంగా దిగసాగింది. ముందు ఆకాశం, తర్వాత ఎర్ర కొంగు, ఆఖరికి చేతిలో డబ్బా. కింద అక్షరాలు: మారెక్క, బృంద సభ్యురాలు, వాన కొలతలు, 1992 నుంచి. ముందురోజు సాయంత్రం ఆయనే తన పాస్‌వర్డుతో పోయి గడి నింపారు.

పదకొండు సైట్లలో పొలంలో నిలబడిన మనిషి ఈమె ఒక్కతేనని, ఈమెతో మాట్లాడాలని కమిటీ పెద్ద అన్నారు. డైరెక్టరుగారు సుంకప్పగారి వైపు చూశారు. సుంకప్పగారు ఫ్యాను వైపు చూశారు.

"మా పాత సభ్యురాలండీ, రేపే పిలిపిస్తాం," అన్నారు డైరెక్టరుగారు. సైటులో ఉన్న మనిషి ఆఫీసు జాబితాలో లేదని ఢిల్లీకి రాసే ధైర్యం ఎవరికుంది? సాయంత్రానికల్లా ఆ కాగితం రద్దయ్యింది, మారెక్క పేరు జాబితాకెక్కింది.

హేమలతకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి కలిగాయి. "ఢిల్లీ వాళ్లు ఈడే చూసిరి గదా సార్. మరి కుందుర్పి లెక్క ఎవరికి?"

"మారెక్కకు. తన ఫొటో తను చూసుకోవద్దా? ఆయమ్మ ఒక తావున ఇరవై సెకన్లకు మించి నిలబడదు, నిలబడితే మేపే గొర్రెలు శెనక్కాయ చేన్లో పడతాయి. గడియారం పెట్టి చూసినాను."

శుక్రవారం హేమలత కూడా బస్సెక్కింది. బసప్ప సెంటరు గడపలో మారెక్క ఒక కన్ను గొర్రెల మీద, ఒక కన్ను తెర మీద పెట్టి నిలబడింది. డబ్బా కనబడేసరికి పందొమ్మిది సెకన్లు.

"బాగుండాది సారూ," అంది మారెక్క. "నీ ఫొటో యాడ?"

"నాది కుందుర్పిలో తెరుసుకోదు మారెక్కా," అన్నారు సుంకప్పగారు. ఆ మాట అయ్యేసరికి ఆమె గొర్రెల దగ్గరుంది.