ఫ్రీగా వచ్చిన టర్కీ కోడి

అమెరికాలోని ఎడిసన్‌లో మా రాధారాణి అక్కంత జాగ్రత్తగా సరుకులు కొనే మనిషి ఇంకొకరుంటే నాకు చూపించండి. చలికోట్లు చలి పోయాక కొంటుంది. థాంక్స్‌గివింగ్‌కి, అదే ఇక్కడ ఇంటింటా టర్కీ కోడి వండుకునే పండక్కి, స్నేహితులందరినీ ఇంటికో వంటకం తెమ్మంటుంది, తను పులిహోర కలుపుతుంది, అంతే, పండగ అయిపోతుంది. ఆ మర్నాడు బ్లాక్ ఫ్రైడే తగ్గింపు ధరలకి జనం షాపుల మీద పడుతుంటే, "ఉన్న టీవీకి ఏం రోగమొచ్చిందే ఉజ్వలా?" అని నన్ను కసురుతుంది. పిసినారి అని వెనకాల నవ్వేవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమె వెళ్ళే షాపువాళ్ళు పండగ ముందు, బాగా కొన్నవాళ్ళకి ఒక టర్కీ కోడిని ఊరికే ఇస్తారు. అక్కది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. అయినా ఉచితంగా వచ్చేదాన్ని వదులుతుందా! రెండు సంచుల్లో చుట్టించి, కారు డిక్కీలో పెట్టించుకుని, నేరుగా పక్కింటి డోరతీకి ఇచ్చేది. ఒంటరి ముసలావిడ డోరతీ ఆ కోడిని వండి, పండక్కి వచ్చే కొడుకు డేవిడ్‌కి పెట్టుకునేది.

పోయినేడు డోరతీకి మతిమరుపు ముదిరింది. నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచేది, స్టవ్ వెలిగించి మరిచిపోయేది. పండగ వెళ్ళగానే ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చడానికి డేవిడ్ ఏర్పాట్లు చేశాడు. ఆ ఇంట్లో అదే ఆఖరి పండగ. "వాడికి ఒక్కసారి నా చేత్తో వడ్డించాలి. వండటం మాత్రం నావల్ల కాదు," అని డోరతీ మా అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది.

"నేను వండుతానులెండి," అనేసింది అక్క.

"నీకేమైనా పిచ్చా అక్కా?" అన్నాను బయటికొచ్చాక.

"ఫోన్‌లో వీడియో చూసి చేద్దాం. హెల్ప్ చెయ్యి, లేకపోతే నోరు మూసుకో," అంది.

పండగనాడు చున్నీ ముక్కుకి అడ్డం కట్టుకుని, డోరతీ వంటింట్లో ఆ కోడికి వెన్న రాసింది. ఓవెన్‌లో పెట్టాక చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో! పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

తీరా బల్ల మీద అన్నీ సర్దాక డేవిడ్ అక్కకి ఫోన్ చేశాడు. రాలేకపోతున్నాడట. అంత కొంపలు మునిగే పని ఏం తగలడిందో ఆ మహానుభావుడికి! నాకు ఒళ్ళు మండిపోయింది. డోరతీకి ఎలా చెప్పాలో తెలియక అక్క ఆమె ఎదురుగా కుర్చీలో కూలబడింది. అది డేవిడ్ కుర్చీ.

డోరతీ ముఖం ఒక్కసారిగా విప్పారింది. "వచ్చావా డేవిడ్! ఎంత చిక్కిపోయావురా," అంటూ మాంసం ముక్క ఒకటి అక్క పళ్ళెంలో వేసింది. "తిను నాన్నా. నువ్వు తింటేగాని నేను తినను."

నేను పళ్ళెం తీసేయబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నమిలి మింగింది. "బాగుందమ్మా," అంది తెలుగులోనే. అప్పుడు డోరతీ తినడం మొదలుపెట్టింది.

"ఎందుకు తిన్నావక్కా?" అని ఇంటికొస్తూ అడిగాను.

"తల్లి వడ్డించిందే. ఎలా తోసెయ్యను?" అంది.

సోమవారం ఆశ్రమంవాళ్ళ వ్యాన్ వచ్చింది. డోరతీ ఎక్కబోతూ, గుమ్మంలో నిలబడ్డ అక్కను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మా డేవిడ్ పండక్కి వచ్చాడమ్మా," అంది. "కడుపునిండా తిన్నాడు."