నిన్న రాత్రి ఏం కూర?

మా పెద్ద డాక్టరుగారు పోయారు. క్యాజువాలిటీలో ఒకాయన తలకు కుట్లు వేస్తుండగా సిస్టర్ వచ్చి మెల్లగా చెప్పింది. కుట్లు ముగించి, చేతులు కడుక్కుని, తరువాతి మనిషిని చూశాను. రాజమహేంద్రవరంలోని మా ఆసుపత్రికి బళ్ళ మీంచి, కొబ్బరిచెట్ల మీంచి పడ్డవాళ్ళు వస్తూనే ఉంటారు. ఆ రోజు ఏడవడానికి తీరిక లేదు. ఇప్పుడు తీరికుంది గానీ ఓపిక లేదు.

తలకూ వెన్నుకూ తగిలిన దెబ్బలను గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆయనే. “మనిషిని పట్టుకునే ముందు మెడ పట్టుకోవాలమ్మాయ్” అనేవారు. మా వైపు ఎవరైనా చెట్టు మీంచి పడితే, చుట్టూ ఉన్నవాళ్ళు ముందు లేపి కూర్చోబెట్టి సోడా తాగిస్తారు. కొబ్బరికాయలు దింపే ఒకతన్ని అలాగే ఆటోలో ఇద్దరు బంధువుల మధ్య కూర్చోబెట్టి తెచ్చారు. తల ముందుకు వాలిపోతోంది. డాక్టరుగారు ఆ ఇరుకులోనే దూరి, తలను రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడ్డారు.

“ఎవరండీ లేపింది?” అని అడిగారు.

“మేమేనండి. కాస్త సోడా కూడా పట్టామండి.”

నేనైతే చెడామడా తిట్టేదాన్ని. ఆయన మాత్రం, “ప్రేమకొద్దీ చేశారు. ఈసారి ఎవరైనా పడితే కదపకండి. అంబులెన్స్ వచ్చేదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, చాలు” అన్నారు. తరువాత అతనితో, “కాలివేళ్ళు కదుపు నాన్నా” అన్నారు. కాళ్ళ దగ్గరున్న నేను “కదిలాయండి” అన్నాక ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

తలకు దెబ్బ తగిలినవాళ్ళను అందరూ పేరూ ఊరూ అడుగుతారు. ఆయన మాత్రం నిన్న రాత్రి ఏం కూర తిన్నావని అడిగేవారు. “పేరు చిన్నప్పట్నుంచీ నోటికి అలవాటేనమ్మా. నిన్నటి కూర అలా కాదు” అనేవారు. చిక్కల్లా వెంట వచ్చినవాళ్ళతోనే. పేషెంటు నోరు తెరిచేలోగా “బెండకాయ పులుసండి!” అని ఇంటిల్లిపాదీ అందుకునేవారు. “మీ తలలు బాగానే ఉన్నాయండి, నాకు ఈయన తల కావాలి” అని నవ్వించేవారు. పేషెంటు జవాబు చెబుతుంటే ఆయన చూపు ఆ పేషెంటు భార్య మొహం మీద ఉండేది. జవాబు తప్పో ఒప్పో అక్కడ తెలిసిపోయేది.

కిందటి నెల ఆయనే పేషెంటుగా వచ్చారు. ఆ మధ్య స్నానాలగదిలో జారిపడ్డారట. దెబ్బేమీ కనబడలేదు గానీ, నాలుగు రోజులుగా తలనొప్పి, మగత. తరువాత ఆపరేషన్ జరిగింది, న్యుమోనియా పట్టుకుంది, ఇక లేవలేదు. అవన్నీ నాకు కలగాపులగంగా ఉన్నాయి. స్పష్టంగా గుర్తున్నది మొదటి పావుగంటే.

“ఏం లేదంటున్నారమ్మా. మాట కూడా బాగానే ఉంది. నాకే ఎందుకో నమ్మకం కుదరట్లేదు” అన్నారు ఆయన భార్య. మేమంతా ఆవిణ్ణి అమ్మగారు అనేవాళ్ళం.

ఆయన పేరు చెప్పారు, ఊరు చెప్పారు, వేళ్ళు కదిపారు. “నన్నే పరీక్షిస్తున్నావా?” అని నవ్వారు కూడా. ఆయన్ను ఇంటికి పంపేయాలని ఎంత ఆశపడ్డానో! ఇక మిగిలింది ఒక్క ప్రశ్నే. నాకు అడగబుద్ధి కాలేదు. అయినా అడిగాను.

“నిన్న రాత్రి ఏం కూర తిన్నారండీ?”

“వంకాయ. కొత్తిమీర కారం పెట్టి” అన్నారు తడుముకోకుండా.

అమ్మగారికి ఆయన పద్ధతి తెలుసు. పెదవి విప్పలేదు. నేను ఆవిడ వైపు చూసేలోపే ఆయన తల తిప్పి ఆవిడ మొహం చూశారు.

“స్కాన్‌కి పంపమ్మాయ్” అన్నారు.

స్ట్రెచర్ వచ్చింది. దాని మీదికి మార్చేటప్పుడు ఆయన తల నేనే పట్టుకున్నాను. స్ట్రెచర్ వరండా చివర మలుపు తిరిగాక, అంతవరకూ ఆపుకున్న జవాబు అమ్మగారు గోడతో చెబుతున్నట్టు మెల్లగా చెప్పారు.

“మజ్జిగన్నం. అదీ సగమే తిన్నారు.”